బాగుచేసిన పాత ట్రాక్టరు: గేరు రాడ్డు బరువును కొలిచి చూచుట

పాత ట్రాక్టరును విప్పి, బాగుచేసి, రంగు వేసి అమ్మకమునకు పెట్టినపుడు కొనవచ్చిన రైతు మొదట టైర్లు చూచును. ఇంజను శబ్దము వినును. పొగ రంగు చూచును. గంటల మీటరులోని అంకె చదువును. గేరు రాడ్డును మాత్రము ఒకటి రెండు సార్లు ముందుకు వెనుకకు కదిపి, "బాగానే పడుచున్నది" అని దిగిపోవును. కాని బండిని విప్పకుండ గేరు పెట్టె, క్లచ్చి ఏ స్థితిలో ఉన్నవో తెలుసుకొనుటకు ఆ రాడ్డును మించిన సాధనము లేదు. దానిని కదుపుటకు ఎంత బలము పట్టుచున్నదో ఒక స్ప్రింగు కాంటాతో కొలిచి, వచ్చిన అంకెలను ఒకదానితో ఒకటి పోల్చి చూచినచో దోషము క్లచ్చిలో ఉన్నదా, ఆయిలులో ఉన్నదా, గేరు పెట్టెలోనే ఉన్నదా అను సంగతి చాల వరకు తేలిపోవును. ఈ పరీక్షకు పట్టు ఖర్చు స్వల్పము. పరీక్ష చేయక కొన్న బండిని తరువాత రెండుగా విడదీసి గేరు పెట్టె విప్పించుటకు పట్టు ఖర్చు స్వల్పము కాదు. పైగా అది సాధారణముగ దుక్కుల అదనులోనే వచ్చి పడును.

నగరపు బండి, పొలపు బండి

హైదరాబాదు పడమటి వైపున ఉన్న కొత్తగూడ, కొండాపూర్, మాదాపూర్ ఒకప్పుడు పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతమంతయు కార్యాలయములతోను, ఎత్తయిన ఇండ్లతోను నిండిపోయినది. రద్దీ తగ్గించుటకు కొత్తగూడ కూడలి మీద 2023 జనవరిలో పై వంతెన కూడ తెరిచినారు. ఇట్టి చోట ట్రాక్టరుకు నాగలితో పని లేదు. అది నీళ్ల ట్యాంకరును గాని, మట్టి, ఇటుక, ఇసుక నింపిన ట్రాలీని గాని లాగును. రోడ్డు మీద పది బారలు నడిచి ఆగును, మరల కదలును.

పొలములో దున్ను బండి ఒక గేరులో పడినచో గంటల తరబడి అదే గేరులో నడుచును. చాలు చివర నాగలిని పైకెత్తి తిరుగునే గాని తరచుగ గేరు మార్చదు. నగరములో ట్యాంకరు లాగు బండి సంగతి వేరు. లెక్క కొరకు ఒక తడవ పోయి వచ్చుటకు 40 సార్లు గేరు మార్చినదని, రోజుకు 8 తడవలు తిరిగినదని అనుకొందము. ఒక్క రోజునకు 320 మార్పులగును. ప్రతి మార్పునకు క్లచ్చి ఒకసారి తొక్కబడును, పండ్లు ఒకసారి కలియును, ఫోర్కు ఒకసారి ఒరసుకొనును. గంటల మీటరు ఇంజను తిరిగిన కాలమునే చెప్పును గాని గేరు ఎన్ని సార్లు మారినదో చెప్పదు. కావున మీటరులో ఒకే అంకె చూపు రెండు బండ్లలో పొలపు బండి గేరు పెట్టె గట్టిగాను, నగరపు బండి గేరు పెట్టె అరిగిపోయియు ఉండవచ్చును. నగరములో వాడిన బండ్లు బాగుచేయబడి పల్లెలకు అమ్మకమునకు వచ్చునప్పుడు రైతు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి బండ్లకు బాగుగ వర్తించును.

పంటకు దీనితో గల సంబంధము

గేరు రాడ్డు బరువు మేస్త్రీకి సంబంధించిన సంగతియే గాని పంటకు సంబంధించినది కాదని అనుకొనరాదు. విత్తు గొర్రుకు ఒక వేగము, రోటవేటరుకు ఒక వేగము, దమ్ముకు ఒక వేగము తగియుండును. ఆ వేగమును ఇచ్చునది గేరు. ఒక గేరు పడుట కష్టముగ ఉన్నచో నడుపువాడు దానిని వదలి, సులువుగ పడు ప్రక్క గేరులో పని కానిచ్చును. గొర్రు ఉండవలసిన దానికంటె వేగముగ పోయినచో విత్తనము ఒకచోట ఒత్తుగను, ఒకచోట పలుచగను పడును. ఒకే లోతున పడదు. మొలక ఎగుడుదిగుడుగ వచ్చిన తరువాత రైతు విత్తనమును, వానను నిందించును గాని గేరు రాడ్డును తలచడు.

రెండవది ప్రాణ భయము. నిండు ట్రాలీతో పల్లమునకు దిగునపుడు గేరు జారి న్యూట్రల్‌కు వచ్చినను, చిన్న గేరు వేయబోయి పడకున్నను బండిని ఆపు బరువంతయు బ్రేకుల మీదనే పడును. వెనుక నుండి ట్రాలీ త్రోయుచుండగా బ్రేకులు మాత్రమే ఆ బరువును మోయజాలకపోవచ్చును.

గేరు రాడ్డు పని చేయు విధము

గేరు రాడ్డు ఒక మీట. మన చేతిలో ఉండునది పై కొన. గేరు పెట్టె మూతలో గుండ్రని కీలు ఉండును; రాడ్డు దాని మీద ఊగును. క్రింది కొన పెట్టె లోపలి కడ్డీని ముందుకు గాని వెనుకకు గాని జరుపును. ఆ కడ్డీకి ఫోర్కు బిగించి ఉండును. ఫోర్కు గేరు చక్రమును గాని, చక్రములను కలుపు పండ్ల కాలరును గాని జరిపి పండ్లు కలియునట్లు చేయును.

పై కొనకు, కీలుకు మధ్య దూరము 40 సెంటీమీటరులు, కీలుకు క్రింది కొనకు మధ్య 8 సెంటీమీటరులు అనుకొందము. చేతి బలము లోపల అయిదు రెట్లగును. పైన 6 కిలోల బలముతో లాగినచో ఫోర్కు మీద 30 కిలోల బలము పడును. అదే రాడ్డును కీలుకు 20 సెంటీమీటరుల ఎత్తున పట్టుకొని లాగినచో లోపల అదే పని జరుగుటకు 12 కిలోలు కావలెను. కావున రాడ్డును ఎక్కడ పట్టుకొని కొలిచితిమి అనునది ముఖ్యము. కొలిచిన ప్రతిసారియు ఒకే చోట కొలువవలెను.

కడ్డీ మీద చిన్న గంట్లు ఉండును. ఒక ఉక్కు గోలీ స్ప్రింగు బలముతో ఆ గంటులో కూర్చుండును. వేసిన గేరు తనంతట తాను జారకుండ కాపాడునది ఈ గోలీయే. రాడ్డును కదిపినపుడు మొదట గోలీ గంటు నుండి లేవవలెను. అపుడు బలము ఎక్కువ పట్టును. గోలీ లేచిన తరువాత బలము తగ్గును. తిరిగి పండ్లు కలియు చోట కొంచెము పెరిగి, గోలీ తరువాతి గంటులో పడినపుడు "టక్కు" మని చేతికి తెలియును. మంచి గేరు పెట్టెలో ఈ మెట్లన్నియు స్పష్టముగ తెలియును.

మన పల్లెలలోని పాత ట్రాక్టర్లలో పలువాటికి చక్రములే జరిగి కలియు పద్ధతి ఉన్నది. ఇట్టి వాటిలో బండి నిలిపి, క్లచ్చి పూర్తిగా తొక్కి గేరు మార్చవలెను. కొన్నిటిలో చక్రములు ఎల్లప్పుడును కలిసియే ఉండి కాలరు మాత్రము జరుగును. కలియబోవు రెండు భాగముల వేగమును ముందుగ సమము చేయు సింక్రోమెష్ అను ఏర్పాటు మొదట కార్లలో వచ్చినది. అమెరికాలో క్యాడిలాక్ కారులో 1928లో దీనిని ప్రవేశపెట్టిరి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంచిన నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ అంతకు ముందు కాలపు బండి. అట్టి పాత కార్లను బాగుచేయువారు గాని, మన పాత ట్రాక్టరును బాగుచేయువారు గాని గేరు రాడ్డును పరీక్షించునపుడు ముందుగ తెలుసుకొనవలసినది ఒక్కటే: ఈ పెట్టెలో వేగమును సమము చేయు ఏర్పాటు ఉన్నదా లేదా? లేనిచో నడుచుచున్న బండిలో గేరు మార్చి పరీక్షించుట పండ్లను చేజేతుల విరుగగొట్టుకొనుటయే. ఈ వ్యాసములో చెప్పిన కొలతలన్నియు నిలిచి ఉన్న బండి మీదనే చేయవలెను.

చేతి అంచనా ఏల చాలదు?

చేతికి అలవాటు త్వరగా పట్టును. ఉదయము బరువుగ తోచిన రాడ్డు పది సార్లు కదిపిన పిమ్మట తేలికగ తోచును. పడుచువానికి తేలికైనది పెద్దవానికి బరువగును. అమ్మువాని డ్రైవరు రోజూ కదుపు రాడ్డు కనుక ఏ మూల ఎట్లు వంచిన పడునో అతనికి తెలియును. మరియొక ముఖ్యమైన లోపమేమన, చేయి "బరువు" అని మాత్రమే చెప్పును; ఇంజను ఆగినప్పటి బరువుకు, తిరుగుచున్నప్పటి బరువుకు భేదమెంతో చెప్పజాలదు. మనకు కావలసినది ఆ భేదమే.

కావలసిన సామాగ్రి

1. 25 కిలోల వరకు తూచు కొక్కెపు స్ప్రింగు కాంటా ఒకటి. ముల్లు తిరుగు రకము మేలు. అంకెలు వెలుగు రకములలో చాలవరకు బరువు నిలకడగ ఉన్నప్పుడే సరియైన అంకె చూపును. గోలీ లేచు క్షణమున వచ్చి పోవు బలమును అవి పట్టజాలవు.
2. రాడ్డు గుండు క్రింద ఉచ్చు వేయుటకు జారని నూలు త్రాడు.
3. ఉచ్చు వేసిన చోటు గుర్తు పెట్టుటకు సుద్దముక్క, కొలబద్ద.
4. చక్రములకు అడ్డము పెట్టుటకు నాలుగు దిమ్మలు.
5. కాగితము, పెన్సిలు. చేతి ఫోనుతో కాంటా ముల్లును వీడియో తీసినచో తరువాత మెల్లగ నడిపి పెద్ద అంకెను చదువుకొనవచ్చును.

కాంటాను ముందుగ సరిచూడవలెను. ఖాళీ బక్కెటును తగిలించి అంకె వ్రాసుకొని, అందు 10 లీటరుల నీరు పోసినచో అంకె సరిగా 10 కిలోలు పెరుగవలెను. ఇంకొక సంగతి. కాంటాను నిలువుగ వ్రేలాడదీసినపుడు దాని కొక్కెపు బరువు కూడ స్ప్రింగు మీద పడును. అడ్డముగ పట్టి లాగునపుడు ఆ బరువు పడదు. కావున అడ్డముగ పట్టుకొని ముల్లును సున్న దగ్గరకు సరిచేసికొని పని ప్రారంభింపవలెను.

జాగ్రత్తలు

బండి చదునైన గట్టి నేల మీద ఉండవలెను. వాలు మీద ఉన్నచో బండి బరువు పండ్ల మీద పడి గేరు బిగుసుకొనును, అంకె తప్పగును. ట్యాంకరును, ట్రాలీని, పనిముట్టును విప్పివేయవలెను. పి.టి.ఓ.ను తప్పించి ఉంచవలెను. బ్రేకు పెడలుకు కొండి వేసి, చక్రములకు ముందు వెనుక దిమ్మలు పెట్టవలెను. బండికి ముందు గాని వెనుక గాని ఎవరును నిలువరాదు. ఇంజను తిరుగుచుండగా కాంటాను సీటులో కూర్చున్న వాడే లాగవలెను. నేల మీద పెద్ద చక్రము ప్రక్కన నిలిచి ఎవరును లాగరాదు. గేరు పడిన తరువాత మరల న్యూట్రల్‌కు తెచ్చు వరకు క్లచ్చి మీది కాలు తీయరాదు. పిల్లలను దూరముగ ఉంచవలెను.

కొలుచు విధానము

ఉచ్చును గుండునకు సరిగా క్రింద బిగించి, అక్కడ సుద్దతో గీత పెట్టవలెను. గేరు వరుసను ఎన్నుకొనుటకు రాడ్డును ప్రక్కకు చేతితో జరిపి, ముందుకు గాని వెనుకకు గాని పోవు కదలికను మాత్రమే కాంటాతో లాగవలెను. కాంటా రాడ్డుకు అడ్డముగ, మూల మట్టముగ ఉండవలెను. ఏటవాలుగ లాగినచో బలములో కొంత వృథాయై అంకె పెద్దదగును. మెల్లగ, ఒకే తీరున లాగవలెను; కుదిపి లాగరాదు. ముల్లు చేరిన పెద్ద అంకెను వ్రాసుకొనవలెను. ప్రతి కొలతను మూడు సార్లు తీసి నడిమి అంకెను గ్రహింపవలెను.

ప్రతి గేరుకు రెండు కొలతలు: న్యూట్రల్ నుండి గేరులోనికి ఒకటి, గేరు నుండి న్యూట్రల్‌కు ఒకటి. ఈ రెంటిని నాలుగు స్థితులలో తీయవలెను.

మొదటి స్థితి: ఉదయము, బండి చల్లగా ఉన్నపుడు, ఇంజను ఆపి, క్లచ్చి పూర్తిగా తొక్కి.
రెండవ స్థితి: చల్లగా ఉన్నపుడే ఇంజను నెమ్మదిగ తిప్పుచు, క్లచ్చి పూర్తిగా తొక్కి, అయిదు సెకనులు ఆగిన తరువాత.
మూడవ స్థితి: ఒక గంట పని చేసిన పిమ్మట, ఇంజను ఆపి.
నాలుగవ స్థితి: అదే వేడిలో ఇంజను తిప్పుచు.

అమ్మువాడు మీరు వచ్చుసరికే బండిని నడిపి వేడి చేసి ఉంచినచో మొదటి రెండు స్థితులు దొరకవు. కావున ముందుగ చెప్పి, ఉదయము ఇంజను తిప్పకముందే పోవుట మంచిది.

ఇంజను ఆగి ఉన్నపుడు ఒక్కొక్కసారి పంటికి పన్ను ఎదురుగ నిలిచి రాడ్డు ముందుకు పోదు. ముల్లు మాత్రము పెరుగుచుండును. ఇది దోషము కాదు. బలము చేయక ఆపి, రాడ్డును న్యూట్రల్‌కు తెచ్చి, దిమ్మలు తీసి, బండిని కొంచెము ముందుకో వెనుకకో కదిపి, మరల దిమ్మలు పెట్టి కొలువవలెను. ఆ అంకెను లెక్కలోనికి తీసికొనరాదు. ఈ చిక్కు లేనిది గేరు నుండి న్యూట్రల్‌కు తెచ్చు కొలత. పోల్చి చూచుటకు అదియే ఎక్కువ నమ్మదగినది.

అంకెలు చెప్పు సంగతులు

ఇంజను ఆగినప్పుడు తేలిక, తిరుగుచున్నపుడు బరువు: దోషము క్లచ్చిలో ఉన్నది. పెడలు పూర్తిగా తొక్కినను క్లచ్చి విడిపోవుట లేదు. ఇంజను బలము పండ్ల మీద పడుచునే ఉన్నది గనుక అవి ఒకదానినొకటి పట్టుకొని వదలవు. గేరు వేయునపుడు కరకర శబ్దము కూడ వచ్చును. పెడలు ఆట ఎక్కువగుట ఒక కారణము. ఆట ఎంత ఉండవలెనో బండితో వచ్చిన పుస్తకములో ఉండును. సరిచేయుట కొద్దిసేపటి పని. ఆట సరిగా ఉన్నను భేదము తగ్గనిచో పళ్లెము వంకరపోయి ఉండవచ్చును, దానికి ఆయిలు అంటి ఉండవచ్చును, లేదా బాగుచేసినపుడు క్లచ్చి వేళ్ల ఎత్తు సమముగ పెట్టియుండకపోవచ్చును. వీటికి బండిని విడదీయవలెను.

రెండు స్థితులలోను అన్ని గేర్లు బరువు: అన్ని గేర్లకు ఉమ్మడిగ ఉండు భాగములను చూడవలెను. రాడ్డు కీలు ఎండి తుప్పు పట్టుట, మూత వంకరగ బిగించుట, కొత్త బుష్షు మరీ బిగువుగ ఉండుట కారణములు. పై మూత విప్పి సరిచేయవచ్చును.

ఎదురెదురుగ ఉన్న రెండు గేర్లు మాత్రమే బరువు: సాధారణముగ ఆ రెండును ఒకే కడ్డీ మీద ఉండును. ఆ కడ్డీ వంగుటయో, ఫోర్కు వంగుటయో, గోలీ గంటులో బిగుసుకొనుటయో జరిగి ఉండును.

ఒక్క గేరు మాత్రమే బరువు, మూడు అంకెలు మూడు విధములు: ఆ గేరు పండ్ల అంచులు చితికి ఉండవచ్చును. ఇది ఖర్చుతో కూడిన దోషము.

చల్లగా ఉన్నపుడు మిక్కిలి బరువు, వేడెక్కిన తరువాత తేలిక: గేరు పెట్టెలో ఉండవలసిన దానికంటె చిక్కని ఆయిలు పోసి ఉన్నారు. కొంత భేదము ప్రతి బండిలోను ఉండును. చలికాలపు ఉదయములలో మరికొంత పెరుగును. భేదము మరీ ఎక్కువగ ఉన్నచో అనుమానింపవలెను. అరిగిన పండ్ల శబ్దమును అణచుటకు చిక్కని ఆయిలు గాని గ్రీజు గాని నింపుట, రంపపు పొట్టు కలుపుట పాత కాలపు మోసములు. ఆయిలు తీయు బిరడా విప్పించి చూడవలెను. బిరడాకు సన్నని బూడిద రంగు ముద్ద అంటి ఉన్న ఫరవాలేదు. గోరుకు తగులు ఇనుప ముక్కలు కనిపించిన ఆ బండిని వదలుట మేలు.

వేడెక్కిన కొలది బరువు: ఇంజను తిప్పుచున్నపుడే పెరిగినచో క్లచ్చి పళ్లెము వేడికి వంకరపోవుచున్నది. ఇంజను ఆపినను బరువుగనే ఉన్నచో లోపలి భాగములు మరీ బిగువుగ కూర్చబడినవి.

మరీ తేలిక: ఇది మంచి గుణమని చాలమంది అనుకొందురు. గేరు నుండి న్యూట్రల్‌కు తెచ్చుటకు ఒక గేరుకు ఇతర గేర్లలో సగము బలము కూడ పట్టనిచో గోలీ స్ప్రింగు బలహీనమైనదని, లేదా గంటు అరిగినదని గ్రహింపవలెను. ఆ గేరు బరువు మీద జారును. ఖాళీ పొలములో, పనిముట్టు లేకుండ, ఆ గేరులో నడుపుచు యాక్సిలరేటరును ఒకసారి పెంచి వెంటనే వదలి చూడవలెను. రాడ్డు ఎగిరి న్యూట్రల్‌కు వచ్చినచో అనుమానము రుజువైనట్లే. ట్రాలీ లాగు వారికి బరువైన గేరు కంటె ఇట్టి తేలిక గేరే ఎక్కువ ప్రమాదకరము.

ఒక ఉదాహరణ

నాలుగు గేర్ల బండిలో గేరు నుండి న్యూట్రల్‌కు తెచ్చు కొలతలు ఇట్లు వచ్చినవని అనుకొందము.

చల్లగా, ఇంజను ఆపి: మొదటి గేరు 5 కిలోలు, రెండవది 5, మూడవది 9, నాలుగవది 9.
చల్లగా, ఇంజను తిప్పుచు: 8, 8, 12, 12.
వేడిగా, ఇంజను ఆపి: 4.5, 4.5, 8.5, 8.5.
వేడిగా, ఇంజను తిప్పుచు: 9, 9, 13, 13.

ఇంజను ఆపినప్పటి అంకెలు చల్లదనమునకు వేడికి అర కిలో మాత్రమే మారినవి. కావున ఆయిలులో దోషము లేదు. ఇంజను తిప్పగానే ప్రతి గేరుకు 3 కిలోలు పెరిగినది. వేడిలో ఆ పెరుగుదల 4.5 కిలోలైనది. కావున క్లచ్చి పూర్తిగా విడుటలేదు, వేడికి ఆ దోషము హెచ్చుచున్నది. మూడవ, నాలుగవ గేర్లు అన్ని స్థితులలోను తక్కిన వాటికంటె 4 కిలోలు బరువుగనే ఉన్నవి. కావున వాటి కడ్డీలోనో ఫోర్కులోనో వేరొక దోషము ఉన్నది. చేతితో కదిపిన వాడు "గేర్లు కొంచెము బిగువు" అని మాత్రమే చెప్పగలడు. పదహారు అంకెలు వ్రాసుకొన్నవాడు రెండు వేరువేరు దోషములను వేరుచేసి చూపి, ఆ రెంటిని బాగుచేయించి ఇమ్మని గాని, ఆ మేరకు ధర తగ్గింపుమని గాని అడుగగలడు.

ఎన్ని కిలోలు ఉండవలెను?

ఈ ప్రశ్నకు అన్ని బండ్లకు సరిపడు ఒకే అంకె లేదు. రాడ్డు పొడవు, కీలు స్థానము, గోలీ స్ప్రింగు ఒక్కొక్క బండికి ఒక్కొక్క తీరుగ ఉండును. ఒకే బండిలో గేరుకు గేరుకు, చల్లదనమునకు వేడికి, ఇంజను ఆగుటకు తిరుగుటకు గల భేదములే మనకు ప్రమాణము. వీలైనచో అదే కంపెనీ, అదే నమూనా బండి మీ ఊరిలో సరిగా పని చేయుచున్నది ఉన్నచో దానిని కూడ కొలిచి పోల్చవలెను. ఇంజనీర్లు ఈ బలమును న్యూటనులలో వ్రాయుదురు. ఒక కిలో బలము సుమారు 9.8 న్యూటనులు.

ట్రాక్టరు అదుపు సాధనములను కదుపుటకు పట్టు బలమును గూర్చి ఐ.ఎస్.ఓ. 15077 అను అంతర్జాతీయ ప్రమాణము ఉన్నది. మన దేశములో ట్రాక్టర్ల పరీక్షకు మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర సంస్థ ఉన్నది. దక్షిణాదికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్ష సంస్థ ఉన్నది. కాని ఇట్టి పరీక్షలు ప్రధానముగ కొత్త నమూనాలకు జరుగును. వాడి, విప్పి, మరల కూర్చిన ఒక్కొక్క పాత బండిని పరీక్షించి ఇచ్చుట వాటి ప్రధానమైన పని కాదు. ఆ పని కొనువాడే చేసికొనవలెను.

కొత్త ట్రాక్టర్లకు పరీక్ష ఏర్పడుట వెనుక కూడ ఒక రైతు కష్టమే ఉన్నది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రములో విల్మాట్ క్రోజియర్ అను రైతు కొన్న ట్రాక్టరు అమ్మినవారు చెప్పిన పని చేయలేదు. అతడు శాసన సభకు ఎన్నికై, పరీక్షలో నెగ్గని ట్రాక్టరును ఆ రాష్ట్రములో అమ్మరాదను చట్టమును 1919లో తెచ్చుటకు కారకుడయ్యెను. 1920 నుండి అక్కడి విశ్వవిద్యాలయములో పరీక్షలు జరుగుచున్నవి. అమ్మువాని మాటకు బదులు కొలిచిన అంకెను అడుగుట ఆనాడు అక్కడ ఎంత అవసరమైనదో నేడు పాత బండి కొనునపుడు మనకును అంత అవసరము.

కొన్న తరువాత

బేరము కుదిరి దోషములు బాగుచేయించిన పిమ్మట అవే కొలతలను అదే గీత దగ్గర మరల తీయవలెను. పెడలు ఆట సరిచేసిన వెంటనే ఇంజను తిప్పునప్పటి అంకె ఆపినప్పటి అంకెకు దగ్గరగ రావలెను. రానిచో పని పూర్తి కాలేదన్నమాట. మిగిలిన సొమ్ము ఇచ్చుటకు తొందరపడరాదు. కొత్త భాగములు వేసిన పెట్టె మొదటి కొన్ని దినములు కొంచెము బిగువుగ ఉండుట సహజము. కావున యాభై గంటల పని అయిన తరువాత ఒకసారి, ఆ పైన ఏటా దుక్కులకు ముందు ఒకసారి కొలిచి, తేదీతో సహా ఆయిలు మార్చిన లెక్క ప్రక్కన వ్రాసి ఉంచవలెను. ఒక ఏటికి ఒక ఏటికి క్లచ్చి భేదము పెరుగుచున్నచో అదనులో బండి నిలిచిపోకముందే వేసవిలో పని చేయించుకొనవచ్చును.

ఒక గ్రామములో నలుగురు రైతులు కలిసి ఒక కాంటాను ఉంచుకొన్న చాలును. పత్తి, మిరప తూచు కాంటాయే ఈ పనికి సరిపోవును.